బాప్తిస్మంతో చదువు అయిపోదు: పల్లె సంఘాల్లో శిష్యత్వానికి సమగ్ర మార్గదర్శి

నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఇది మామూలుగా జరిగేదే. బాప్తిస్మానికి ముందు మూడు నాలుగు ఆదివారాలు తరగతి పెడతారు. కాలువ దగ్గరో చెరువు దగ్గరో బాప్తిస్మం ఇస్తారు, వచ్చే ఆదివారం బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లలో, చేర్చుకుంటారు. ఆ తర్వాత ఆ మనిషికి ఎవరూ ఏమీ నేర్పరు. ప్రసంగం వింటాడు, కానుక వేస్తాడు, క్రిస్మస్‌కు కొత్త బట్టలు కట్టుకుంటాడు. ఇరవై ఏళ్లు గడిచినా అన్నదమ్ములతో గట్టు తగాదా తెగదు, ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఆగదు, నాలుగు సువార్తల పేర్లు వరుసగా చెప్పమంటే తడబడతాడు. తప్పంతా అతనిదే అనడం అన్యాయం. నేర్పే ఏర్పాటే సంఘంలో లేదు.

మత్తయి 28:19-20లో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను నెమ్మదిగా చదవండి. శిష్యులనుగా చేయమన్నాడు, బాప్తిస్మమివ్వమన్నాడు, ఆపైన "నేను మీకు ఏ యే సంగతులను ఆజ్ఞాపించితినో వాటినన్నిటిని గైకొనవలెనని వారికి బోధించుడి" అన్నాడు. బాప్తిస్మం ఆ ఆజ్ఞకు మధ్యలో ఉంది, చివర లేదు. నేర్పమన్నది కూడా వాక్యం తెలుసుకోవడం ఒక్కటే కాదు, దాన్ని చేయడం. కాబట్టి ఈ మార్గదర్శి అంతటా కొలత ఒక్కటే: విన్నది ఈ వారం చేశామా?

ఊరి సంఘ కాపరులు, పెద్దలు, స్త్రీల సమాజం నడిపేవాళ్లు, కూలికి వెళ్లి వచ్చి సాయంత్రం బైబిలు తెరవాలనుకునే విశ్వాసులు దీన్ని ఎవరి మీదా ఆధారపడకుండా ఆచరణలో పెట్టగలరు. డబ్బు దాదాపు అవసరం లేదు. బైబిలు, ఒక పొడుగు నోటుబుక్కు, వారానికి గంటంబావు చాలు.

ముందు ముగ్గురిని కూర్చోబెట్టండి

యాభై మంది కూడికలో ఎవరూ తన పాపం గురించి నోరు విప్పరు. ఇద్దరే ఉంటే ఒకరు గురువుగా, ఒకరు చేతికింది మనిషిగా మారిపోయే ప్రమాదం ఉంది. ముగ్గురు సరిపోతారు. ఒకరు పనికి పోయినా ఇద్దరు మిగులుతారు, ఒకరు తప్పుగా మాట్లాడితే సరిచేయడానికి ఇంకొకరు ఉంటారు. నలుగురు దాకా పర్వాలేదు. ఐదుగురైతే ఒకరిద్దరు వినడానికే పరిమితమైపోతారు.

ముగ్గుర్ని కలిపేటప్పుడు ఈ సంగతులు చూసుకోండి. మగవాళ్లతో మగవాళ్లు, ఆడవాళ్లతో ఆడవాళ్లు కూర్చోవాలి. తీతు 2:3-5లో వయసు పైబడిన స్త్రీలు యౌవనస్త్రీలకు నేర్పాలని ఉంది. అత్తాకోడళ్లు ఒకే గుంపులో వద్దు, కోడలు ఒక్క మాట కూడా మనసులోంచి మాట్లాడదు. అప్పు ఇచ్చినవాళ్లనూ తీసుకున్నవాళ్లనూ, మేస్త్రీనీ అతని కింద పనిచేసే కూలీనీ కలపకండి. కనీసం ఒకరు ధారాళంగా చదవగలిగి ఉండాలి. ఒకరు విశ్వాసంలో పాతవారైతే మంచిది. "నా కాడి ఎత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి" అన్న మాట (మత్తయి 11:29) వ్యవసాయం చేసేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. కొత్త కోడెను అరక దున్నడం తెలిసిన ఎద్దుకు జతగా కడతారు, రెండు కొత్త కోడెలను ఒకే కాడికి కట్టరు.

సమయం పంటను బట్టి పెట్టుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నాట్లు, కోతల రోజుల్లో సాయంత్రం ఏడు దాటందే ఎవరూ ఇల్లు చేరరు. దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తి ఏరే నెలల్లో ఆడవాళ్ల పరిస్థితి అంతే. అలాంటప్పుడు కూర్చునే సమయాన్ని సగానికి తగ్గించండి, కానీ వారం తప్పించకండి. వరుసగా రెండు వారాలు మానేసిన గుంపు మూడో వారం కూడా కూడుకోదు. దాదాపు ప్రతి ఊళ్లో అలాగే జరుగుతుంది. చేలో గట్టు మీద మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు కూర్చున్నా అది కూడికే.

వారం కూడిక: 75 నిమిషాల్లో ఏమేం చేయాలి

మొదటి 5 నిమిషాలు చిన్న ప్రార్థన. పాట పాడాలనుకుంటే ఒక్కటే పాడండి. మన కూడికల్లో పాటలకే అరగంట పోతుంది, వాక్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు.

తర్వాత 15 నిమిషాలు పోయిన వారం లెక్క. "అన్నా, పోయిన వారం చేస్త అన్నది చేసినవా?" అని ఒకరినొకరు అడగాలి. పెద్దవాళ్లను కూడా అడగాలి, పెద్దవాళ్లు ముందుగా చెప్పాలి. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో వినండి. తిట్టకండి, కానీ దాటవేయకండి కూడా. ఈ 15 నిమిషాలను తీసేసిన గుంపు ఆరు నెలల్లో ఇంకో ప్రసంగ కూడికగా మారిపోతుంది. సమయం తక్కువైతే వేరే ఏదైనా తగ్గించండి, దీన్ని తగ్గించకండి.

ఆ తర్వాత 30 నిమిషాలు వాక్యం. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది: 16 అధ్యాయాలు, 678 వచనాలు. వారానికి 15 నుంచి 20 వచనాలు చదివితే దాదాపు 40 వారాలు పడుతుంది, అంటే ఒక ఏడాది పండుగలు, పంట పనులు కలుపుకొని సరిపోతుంది. భాగాన్ని రెండుసార్లు చదవండి. మొదటిసారి ఒకరు పైకి చదవాలి, రెండోసారి ఇంకొకరు. తర్వాత పుస్తకం మూసి, మూడో మనిషి దాన్ని మన ఇంటి భాషలో తిరిగి చెప్పాలి. మనం వాడే పాత అనువాదం గ్రాంథికంలో ఉంది. పదో తరగతి చదివిన పిల్లలకు కూడా "ఉపేక్షించుకొని", "గైకొని" లాంటివి పూర్తిగా పట్టుబడవు. తిరిగి చెప్పమంటేనే ఏది అర్థమైందో, ఏది కాలేదో బయటపడుతుంది. చదువు రాని అమ్మలు చాలాసార్లు ఈ పనిలో ముందుంటారు.

అప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇక్కడ దేవుని గురించి, యేసు గురించి ఏం తెలిసింది? మనుషుల గురించి ఏం కనిపించింది? ఇందులో నాకు ఆజ్ఞ గానీ, వాగ్దానం గానీ, హెచ్చరిక గానీ ఉందా? ఈ వారం నేనేం చేయాలి? సమాధానం ఆ భాగంలోనే చూపించాలి. "ఎక్కడుంది, ఏ వచనం?" అని అడిగే అలవాటు మొదటి రోజు నుంచే చేయండి. ఈ ఒక్క అలవాటు తర్వాత ఎన్నో తప్పుడు బోధల నుంచి కాపాడుతుంది.

తర్వాతి 10 నిమిషాలు తీర్మానానికి. అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. "ఇంకా ఎక్కువ ప్రార్థన చేస్త", "ప్రేమగా ఉంట" అనేవి తీర్మానాలు కావు. వచ్చే వారం అడిగితే అవునని చెప్పలేరు, కాదని చెప్పలేరు. ఎవరితో, ఎప్పుడు, ఏం చేస్తారో చెప్పాలి. ఉదాహరణకు మత్తయి 5:23-24 చదివారనుకోండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు సహోదరునితో సమాధానపడమని అక్కడ ఉంది. అన్నతో గట్టు తగాదా ఉన్న తమ్ముడు "గురువారం పొద్దున అన్న ఇంటికి పోయి, రెండేళ్ల కింద నోరు జారినందుకు క్షమించమని అడుగుత, గట్టు సంగతి తర్వాత చూసుకుందామని చెప్త" అంటే అది తీర్మానం. అన్న తలుపు వేసుకున్నా తమ్ముడు తన వంతు చేసినట్టే. ఒక్కొక్కరికి ఒక్క తీర్మానమే. మూడు పెట్టుకుంటే ఒక్కటీ చేయరు.

మిగిలిన 15 నిమిషాలు ప్రార్థన. ఆ ముగ్గురి తీర్మానాల కోసం, ఇంట్లో రోగంతో ఉన్నవాళ్ల కోసం, ఇంకా ప్రభువును ఎరగని ఒకరిద్దరి పేర్లు పెట్టి ప్రార్థించండి. ఒకరే అందరి తరఫున ప్రార్థించే పద్ధతి వద్దు. రెండు వాక్యాలైనా ప్రతి ఒక్కరూ గొంతెత్తాలి.

కూడిక ముగిశాక భోజనాలు పెట్టకండి. టీ చాలు. భోజనం మొదలుపెడితే పేద ఇంట్లో కూడిక పెట్టడానికి ఆ ఇంటివాళ్లు సిగ్గుపడతారు.

రోజూ చదవడం: నాలుగేళ్ల లెక్క

బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో మొత్తం చదవాలని జనవరి ఒకటిన మొదలుపెట్టినవాళ్లు చాలామంది నిర్గమకాండం 25వ అధ్యాయం నుంచి వచ్చే ప్రత్యక్ష గుడారపు కొలతల దగ్గర ఆగిపోతారు. అక్కడ దాటినా లేవీయకాండంలో ఆగుతారు. కూలి పనికి పోయేవాళ్లకు రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు ఎక్కువే. రోజుకు ఒకటి చాలు.

లెక్క చూడండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి 5 రోజులు, రోజుకు ఒక అధ్యాయం చొప్పున సరిగ్గా 52 వారాల్లో అయిపోతుంది. శనివారం ఒక కీర్తన చదవండి, ఆదివారం మందిరంలో ప్రసంగించిన భాగాన్ని ఇంటికొచ్చి మళ్లీ చదవండి. ఇది మొదటి ఏడాది. పాత నిబంధన 929 అధ్యాయాలు. వారానికి 6 అధ్యాయాల చొప్పున మూడేళ్లలో పూర్తవుతుంది. నాలుగేళ్లకు మొత్తం బైబిలు ఒకసారి. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టిన మనిషి అరవై నిండేలోపు పదిసార్లు చదువుతాడు. రోజుకు ఒక్క అధ్యాయంతోనే ఇది సాధ్యమని చాలామందికి తెలియదు. మానేసిన రోజులను పూడ్చడానికి ఒకేసారి ఏడు అధ్యాయాలు చదవకండి, ఆగిన చోటు నుంచి కొనసాగించండి.

చదువు రానివాళ్ల విషయంలో సంఘాలు ఇప్పుడు వెనకబడ్డాయి. మిషనరీలైన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్గొండలో పని మొదలుపెట్టిన కాలంలోనూ, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ సంఘాలు ఏర్పడ్డ కాలంలోనూ విశ్వాసుల్లో ఎక్కువమందికి అక్షరం రాదు. సువార్తికులు, బైబిల్ స్త్రీలు ఊరూరా తిరిగి చెబితే విని, పాడుకొని, కంఠతా పట్టి నేర్చుకున్నారు. ఇప్పుడు ఫోన్లో తెలుగు ఆడియో బైబిలు ఉచితంగా దొరుకుతుంది. మెమరీ కార్డులో వేసి ఇస్తే నెట్టు లేని చోట కూడా మోగుతుంది. నాట్ల దగ్గర, పొయ్యి దగ్గర వినొచ్చు. ఒకే అధ్యాయాన్ని ఆ రోజు రెండుసార్లు వినమనండి, రాత్రి ఇంట్లో మనవడికి చెప్పమనండి.

కంఠత వాక్యం వారానికి ఒకటి. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, మూడో రోజు, ఏడో రోజు, నెల తర్వాత తిరిగి అప్పజెప్పాలి. ఇలా వరుసగా తిరగేయకపోతే నెలకే మరచిపోతారు, "నాకు జ్ఞాపకశక్తి లేదు" అనుకుంటారు. మొదటి పన్నెండుగా ఇవి తీసుకోవచ్చు: రోమా 3:23, రోమా 6:23, ఎఫెసీ 2:8-9, యోహాను 1:12, 1 యోహాను 1:9, మత్తయి 11:28-29, లూకా 9:23, మత్తయి 6:33, ఫిలిప్పీ 4:6-7, 1 కొరింథీ 10:13, గలతీ 5:22-23, 2 తిమోతి 3:16-17.

నోటుబుక్కులో పేజీకి నాలుగు గడులు గీసుకోండి: తేదీ, చదివిన భాగం, తెలిసింది ఒక్క వాక్యంలో, చేయాల్సింది. చివరి గడి ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటే అది ఆత్మీయ జీవితానికి జ్వరం కొలిచినట్టే అనుకొని, వారం కూడికలో ఆ మాట బయటపెట్టండి.

బాప్తిస్మానికి ముందు 12 వారాలు

తొలి శతాబ్దాల సంఘాల్లో బాప్తిస్మం కోరినవాళ్లకు మూడేళ్ల దాకా బోధించే పద్ధతి ఉండేది. గడువు కన్నా ప్రవర్తననే ముఖ్యంగా చూసేవారు. మనం మూడేళ్లు పెట్టక్కర్లేదు గానీ నాలుగు ఆదివారాలు మాత్రం చాలవు. 12 వారాలు పెట్టండి. శిశు బాప్తిస్మమిచ్చే సంఘాల్లో ఇదే చదువును దృఢీకరణకు (పెద్దయ్యాక తన విశ్వాసాన్ని తానే ఒప్పుకొనే ఆరాధనకు) ముందు పెట్టుకోవచ్చు.

మొదటి నాలుగు వారాలు సృష్టి, పాపం, సిలువ, పునరుత్థానం. తర్వాత మూడు వారాలు మారుమనస్సు, విశ్వాసం, పరిశుద్ధాత్మ. రెండు వారాలు ప్రార్థన, బైబిలు చదవడం. ఒక వారం సంఘం, బాప్తిస్మం, బల్ల. చివరి రెండు వారాలు లూకా 14:28 ప్రకారం ఖర్చు లెక్క చూసుకోవడం.

ఈ చివరి రెండు వారాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఏమంటారు, బతుకమ్మ, దసరా, పీర్ల పండుగ, ఎల్లమ్మ జాతరల్లో తాను ఎంతవరకు పాలుపంచుకుంటాడు, చుట్టాల చావులో ఏ కార్యాల్లో నిలబడతాడు అన్నవి ముందే మాట్లాడుకోవాలి. ఎవరినీ కించపరచకుండా, చుట్టరికాన్ని తెంచుకోకుండా ఎలా నిలబడాలో కూడా నేర్పాలి. చావు ఇంటికి పోయి పాడె మోయడం, వంట సామాను సర్దడం, పిల్లల్ని చూసుకోవడం ప్రేమే.

కుల ధ్రువీకరణ విషయం దాచకండి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. అది న్యాయమా కాదా అన్న చర్చ ఎలా ఉన్నా, పిల్లల చదువు, ఉద్యోగం, పంచాయతీ రిజర్వేషన్ దీనితో ముడిపడి ఉన్నాయని అభ్యర్థికి ముందే తెలియాలి. బాప్తిస్మం అయ్యాక తెలిసి కుమిలిపోయేలా చేయడం కాపరికి తగదు.

డబ్బు, ఉద్యోగం, పెళ్లి సంబంధం, రోగం తప్పక నయమవుతుందన్న హామీ, వీటిలో ఏది చూపించీ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి లేనిదే ముందుకు పోకండి.

ఇల్లు, అప్పు, కట్నం, కులం

వాక్యం నేర్చుకున్నదీ లేనిదీ ఇక్కడే తేలుతుంది. రెండో ఏడాదిలో వారం కూడికకు కొండమీది ప్రసంగాన్ని తీసుకోండి. మత్తయి 5 నుంచి 7 దాకా 111 వచనాలు. వారానికి ఐదారు వచనాలు మించకుండా వెళ్తే దాదాపు ఐదు నెలలు పడుతుంది. కోపం, చూపు, మాట నిలబెట్టుకోవడం, శత్రువును ప్రేమించడం, డబ్బు, చింత అన్నీ అందులోనే ఉన్నాయి.

కుటుంబ ప్రార్థన పది నిమిషాలకు మించకూడదు. ఒక పాట, పది వచనాలు, పిల్లలతో ఒక ప్రశ్న, ప్రార్థన. ముప్పావుగంట సాగదీస్తే పిల్లలు దాన్ని శిక్షగా అనుకుంటారు. తాగొచ్చిన రోజు తండ్రి ప్రార్థన నడిపించకూడదు, తల్లి నడిపించాలి.

అప్పు గురించి సంఘంలో మాట్లాడటానికి సిగ్గుపడతాం. చిట్టీలు, వారంవారం వచ్చే ఫైనాన్సు, డ్వాక్రా సంఘం, ఎరువుల దుకాణం ఖాతా ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకొని గుంపులో ఒకసారి చూపించడం మంచి తీర్మానం. కానుక వేయడానికి అప్పు చేయకూడదు. దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) పేరుతో పిల్లల ఫీజు ఆపమని ఏ బోధకుడూ చెప్పకూడదు.

కట్నం విషయంలో సంఘ పెద్దలు స్పష్టంగా ఉండాలి. 1961 నుంచి అది చట్ట ప్రకారం నేరం. పెళ్లి మాటల దగ్గరే కాపరి ఆ ప్రశ్న అడగాలి, పెళ్లికి వారం ముందు కాదు. మన సంఘాల్లో ఎక్కువమంది ఈ అడుగు వేయలేకపోతున్నారు. అందుకే పెళ్లి కావాల్సిన యువకుల గుంపుల్లో దీన్ని రెండేళ్ల ముందు నుంచే చదివించాలి.

మాల, మాదిగ పేర్లతో వేరువేరు సంఘాలుగా కూర్చోవడం, ఒకరి ఇంట్లో ఇంకొకరు తినకపోవడం, పెళ్లి సంబంధం మాట రాగానే కులం చూసుకోవడం మన మధ్య ఉన్న గాయం. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 మీద ప్రసంగం చెప్పినంత మాత్రాన ఇది మానదు. ముగ్గురి గుంపులను వేరువేరు వాడల నుంచి కలపండి, కూడికను నెలకొక ఇంట్లో పెట్టండి, ఆ ఇంటి కుండలోని నీళ్లే తాగండి. ఇదొక్కటి చేసినా సంఘంలో మార్పు మొదలవుతుంది.

వలస పోయినవాళ్లు

పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాదు నిర్మాణ పనులకు పోయేవాళ్లతో సంఘం సగం ఖాళీ అవుతుంది. ఎనిమిది నెలలు ఎవరూ పలకరించకపోతే, తిరిగొచ్చిన మనిషి మందిరం గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. పోయే ముందు ఆదివారం సంఘం ప్రార్థించి పంపాలి. కాపరి ఒక పరిచయ ఉత్తరం రాసి ఇవ్వాలి: పేరు, ఊరు, బాప్తిస్మమైన ఏడాది, బల్లలో పాలుందా లేదా. పని చోట దగ్గర్లో తెలుగు కూడిక ఉందేమో ముందే వాకబు చేయాలి. అతని గుంపు మనుషుల్లో ఒకరు వారంలో ఒక నిర్ణీత రోజు రాత్రి ఫోన్ చేసి వారం కూడికలో అడిగే ప్రశ్నలే అడగాలి. ఒకే ఊరివాళ్లు ముగ్గురు ఒకే సైటులో ఉంటే అక్కడే గుంపు కట్టించండి.

ఏం చెడిపోతుంది, ఎందుకు

గుంపులో ఒకరు పెత్తనం మొదలుపెడతారు. "దేవుడు నాకు నీ గురించి చెప్పిండు" అంటూ ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవాలో, పొలం అమ్మాలో వద్దో చెప్పడం మొదలైతే వెంటనే ఆపాలి. కొత్తగా చేరినవాడిని అధ్యక్షునిగా పెట్టవద్దని 1 తిమోతి 3:6లో ఉన్నది ఇందుకే.

గుంపులో చెప్పుకున్నది ఊరంతా తెలుస్తుంది. ఒక్కసారి ఇలా జరిగితే ఇక ఎవరూ నిజం చెప్పరు. మొదటి వారమే మాట తీసుకోండి. మాట తప్పినవారు గుంపు ముందు క్షమాపణ అడగాలి. కానీ పిల్లల మీద లైంగిక దాడి, ఆడవాళ్లను హింసించడం రహస్యంగా ఉంచాల్సినవి కావు. పెద్దలు రాజీ చేయాల్సినవి కూడా కావు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, అత్యవసరంలో 112కు ఫోన్ చేయండి. నేరం చేసింది కాపరి అయినా పెద్ద అయినా ఇదే పద్ధతి.

స్వస్థత సాక్ష్యం చెప్పాలన్న ఆత్రంతో మందులు మానేస్తారు. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారొచ్చు. బీపీ, షుగర్, ఫిట్స్ మందులదీ అదే సంగతి. ప్రార్థించండి, మందులూ వేయండి. మానేయమని చెప్పే బోధకుడిని సంఘంలో మాట్లాడనివ్వకండి.

ఫోన్లో వచ్చే ప్రసంగాలు ఇప్పుడు కాపరి కన్నా ఎక్కువసేపు మాట్లాడుతున్నాయి. వినవద్దంటే ఎవరూ మానరు. బెరయ అనే ఊరివాళ్ల పద్ధతి నేర్పండి (అపొ. కార్యములు 17:11): ప్రసంగంలో చెప్పిన వచనాన్ని తెరిచి, దాని ముందూ వెనకా అధ్యాయాన్ని చదివి, చెప్పింది అక్కడ ఉందో లేదో చూడండి. డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాదికి వాగ్దానంగా తీసే వచనం కార్డుకు కూడా ఇదే వర్తిస్తుంది. కార్డు మీది వచనం ఎవరితో, ఎందుకు చెప్పిన మాటో ఆ రాత్రే ఇంటికెళ్లి చదవండి.

ఒకరు పాపంలో పడిపోతే మత్తయి 18:15-17 క్రమం మార్చకండి. ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘం ముందు. మన దగ్గర తలకిందులుగా చేస్తారు: ముందు ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా దెబ్బ కొడతారు, చివరకు ఎవరో ఇంటికి పోయి మాట్లాడతారు. గలతీ 6:1 చెప్పినట్టు సాత్వికమైన మనసుతో నిలబెట్టాలి.

నేర్చుకున్నవాళ్లు నేర్పడం

2 తిమోతి 2:2లో నాలుగు తరాలున్నాయి: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్లు నేర్పబోయే ఇతరులు. గుంపు ఏడాది నుంచి ఏడాదిన్నర నడిచాక ఇద్దరు బయటికొచ్చి కొత్త ముగ్గురిని పట్టుకోవాలి. అర్హత డిగ్రీ కాదు. మూడు నెలలుగా తీర్మానాలు నెరవేరుస్తున్నాడా, ఇంట్లోవాళ్లు అతని గురించి ఏమంటారు, తెలియనిది తెలియదని ఒప్పుకుంటాడా అని చూడండి.

అప్పగింత నాలుగు దశల్లో చేయండి. మొదట అతను చూస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి నడిపిస్తారు. తర్వాత అతను నడిపిస్తుంటే మీరు పక్కన కూర్చుంటారు, ఇది కనీసం ఆరు వారాలు. చివరకు మీరు రారు. మూడో దశను దాటేసి నేరుగా అప్పగిస్తే గుంపు చెదిరిపోతుంది. అకుల, ప్రిస్కిల్ల దంపతులు అపొల్లో అనే బోధకుణ్ని చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచారు (అపొ. కార్యములు 18:26). సరిదిద్దాల్సింది ఉంటే కూడిక ముగిశాక ఒంటరిగా చెప్పండి.

వయసు మళ్లినవాళ్లను "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అని పక్కన కూర్చోబెట్టకండి. ఎనభై నాలుగేళ్లు వచ్చిన అన్న అనే ప్రవక్త్రి దేవాలయం విడువక ప్రార్థించింది (లూకా 2:37). చూపు తగ్గిన అవ్వకు ఊళ్లోని పదిమంది పిల్లల పేర్లు ఇచ్చి, రోజూ ప్రార్థించమని అడగండి. నెలకోసారి ఆ పిల్లలను ఆమె దగ్గరికి తీసుకెళ్లండి. ఆమె కూడా ఇంకా నేర్చుకుంటోంది: మంచం మీద ఓర్పును, కోడలి చేతి అన్నం కోసం ఎదురుచూడటాన్ని, పాత పగలు వదులుకోవడాన్ని. ఇవి యౌవనంలో ఎవరికీ రాని పాఠాలు. పౌలు చెరసాలలో ఉండి రాసిన పత్రికలోనే తాను ఇంకా సంపూర్ణ సిద్ధి పొందలేదని, పరుగెత్తుతున్నానని రాశాడు (ఫిలిప్పీ 3:12-14).

ఏడాదికి ఒకసారి, డిసెంబరు చివరి వారంలో, గుంపు మొత్తం నోటుబుక్కులు తెరిచి ఇవి చూసుకోండి. ఈ ఏడాది ఏ పుస్తకాలు చదివాం? కంఠతా వచ్చిన వాక్యాలు ఎన్ని ఇప్పుడు అప్పజెప్పగలం? ఎవరితో సమాధానపడ్డాం, ఎవరితో ఇంకా లేదు? అప్పు పెరిగిందా తగ్గిందా? ఇంట్లోవాళ్లను అడిగితే మనలో ఏం మారిందంటారు? మన నుంచి ఎవరు నేర్చుకుంటున్నారు? జవాబులు రాసి తేదీ వేయండి, వచ్చే డిసెంబరులో అదే పేజీ పక్కన పెట్టుకొని చదవండి. జనవరి మొదటి వారం కూడిక ఏ ఇంట్లోనో, ఏ రోజునో లేచేముందే ఖాయం చేసుకోండి.